సీడీ మీద పేర్లు

ఫిబ్రవరి 2, 2014, ఆదివారం

పెదనాన్న పాడిన హరిశ్చంద్ర పద్యాల మాస్టర్ సీడీ గుంటూరు నుంచి చేతికొచ్చింది. సాయంత్రం పెదనాన్న, హార్మోనియం మాస్టారు, తబలా వాయించిన అబ్బాయి మా వసారాలో కూర్చుని ఆసాంతం విన్నారు. 74 నిమిషాలు. వారణాసి చేరడం, నక్షత్రకుడితో వాదన, చంద్రమతిని అమ్మడం, చివర కాటిసీను. పెదనాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు. మాస్టారు మాత్రం స్పీకరు వైపే చూస్తూ, ఒడిలో ఖాళీగా ఉన్న చేత్తో మెట్లు నొక్కుతూనే ఉన్నారు.

ఇన్నేళ్ళూ స్టేజీ ముందు కూర్చుని విన్నా నాకు తెలియని సంగతి ఒకటి ఇవాళ తెలిసింది. పద్యం చివర రాగం తీసేటప్పుడు పెదనాన్నకి ఊపిరి ఎక్కడ అందదో మాస్టారికి ముందే తెలుసు. సరిగ్గా అక్కడ హార్మోనియం ఒక మెట్టు పైకెక్కి ఆయన్ని మోస్తుంది. జనం ఈలలు వేసి వన్స్ మోర్ కొట్టేది ఇద్దరు కలిసి తీసిన రాగానికి. దండ మాత్రం ఒకరి మెడలోనే పడేది.

గ్రామఫోను రోజుల్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాలే పట్టేది. బాపట్ల స్థానం నరసింహారావు గారైనా, సుద్దపల్లి నుంచి వెళ్ళిన ఈలపాట రఘురామయ్య గారైనా స్టేజీ మీద తీసినంత రాగాన్ని అందులో ఇమిడ్చే వీలు లేదు. సీడీలో 80 నిమిషాలు పడుతుంది. పెదనాన్న ఒక పద్యానికి ఆరు నిమిషాలు తీసుకున్నాడు, ఎవరూ గడియారం చూపించలేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

మూడొందల కాపీలు చాలనుకున్నాం. పెద్ద కంపెనీల సీడీలు అచ్చుపోసినవి: గాజు పలక మీద మాస్టర్ తయారుచేసి, దాన్నుంచి లోహపు అచ్చు తీసి, వేలల్లో కొడతారు. మన లెక్కకి అది కుదరదు. ఖాళీ సీడీలు తెచ్చి కంప్యూటర్లో రైట్ చేసుకోవడమే. శివరాత్రి 27న. గుడి దగ్గర నాటకం రోజునే విడుదల.

ఫిబ్రవరి 6, గురువారం, రథసప్తమి

డీటీపీ షాపు కుర్రాడు స్టిక్కర్లు వేద్దామన్నాడు. ఏ4 కాగితం మీద రెండు గుండ్రాలొస్తాయి, అతికించడమే, చవక కూడా. ఒప్పుకునే ముందు ఇంట్లో ఉన్న పాత భజన సీడీ ఒకటి తీశాను. ఎండకి దాని స్టిక్కరు అంచు లేచి ఉంది. గోటితో పట్టి లాగాను. కాగితంతో పాటు వెండి పొర కూడా ఊడొచ్చింది. సీడీని ఎత్తి పట్టుకుంటే ఆ ఊడినంత మేరా అద్దంలా అయిపోయి, అవతల వేపచెట్టు కొమ్మలు కనపడ్డాయి. అక్కడున్న పాట ఇక లేదు.

కింద మెరిసే వైపునే జాగ్రత్తగా చూసుకోవాలని అందరం అనుకుంటాం. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా ప్లాస్టికే. పాట రాసే రంగు పొర, దాని మీద వెండి పొర, రెండూ పై వైపు పల్చటి లక్క కిందే ఉంటాయి. అంటే పేరు రాసే చోటికి వెంట్రుకవాసి దూరంలో పాట ఉంటుంది. బాల్‌పెన్నుతో గట్టిగా రాసినా ఆ వత్తిడి కిందికి దిగుతుంది. స్టిక్కరు ఒక పక్కకి జరిగితే వేగంగా తిరిగేటప్పుడు సీడీ ఊగుతుంది. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద పడేస్తే జిగురు కరిగి ప్లేయర్లోనే అంటుకుంటుంది.

కాబట్టి స్టిక్కరు వద్దు. పైన తెల్లటి పూత ఉన్న ప్రింటబుల్ సీడీలు కొంటాం. ఫొటో స్టూడియోలో సీడీ ట్రే ఉన్న ఎప్సన్ ప్రింటరు ఉంది. ఇంకు మనదే అయితే రాత్రిళ్ళు వాడుకోమన్నారు.

ఫిబ్రవరి 9, ఆదివారం

లేబుల్ మీద ఏం రాయాలి? దీనికోసం మాస్టారింటికి వెళ్ళాను. ఎనభైల్లో పెదనాన్న పద్యాలతో ఒక క్యాసెట్ వచ్చింది. తిరునాళ్ళలో బాగానే అమ్ముడుపోయింది. మాస్టారి భార్య బీరువా లోంచి దాన్ని తీసి చూపించారు. అట్ట మీద పెదనాన్న ఫొటో, నాటకం పేరు, ధర. హార్మోనియం ఎవరో లేదు, తబలా ఎవరో లేదు, పద్యాలు రాసిన కవి లేడు, ఏ సంవత్సరమో లేదు. తన భర్త పేరు లేని క్యాసెట్‌ని ఆవిడ ఇన్నేళ్ళు పట్టుచీరల మధ్య దాచిపెట్టారు. "ఇందులో ఉన్నది ఆయనేనని నాకు తెలుసుగా బాబూ" అన్నారు.

చట్టం ఏమంటుందో గుంటూరులో తెలిసిన లాయరు గారిని అడిగి రాసుకున్నాను. 1957 కాపీరైట్ చట్టానికి 1984లో 52ఏ సెక్షన్ చేర్చారు. పాటల రికార్డు ఏదైనా సరే, దాని మీదా అట్ట మీదా రికార్డు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం ఉండి తీరాలి. పెద్ద కంపెనీకైనా మా పొన్నూరు వీధిలో వాళ్ళకైనా ఒకటే. 2012లో ఇంకొకటి కలిసింది, 38బీ. ప్రదర్శించిన కళాకారుడికి ఇది నాదని చెప్పుకునే హక్కు ఉంటుంది. కళాకారుడంటే ఎవరో కూడా చట్టంలోనే రాసి ఉంది: నటుడు, గాయకుడు, వాద్యకారుడు మొదలుకొని గారడీవాడు, పాములాడించేవాడు, ఉపన్యాసం ఇచ్చేవాడి దాకా. పాములాడించేవాడి పేరు కూడా పోకూడదని తలచినవాళ్ళు ఢిల్లీలో ఉన్నారు. మన దగ్గర హార్మోనిస్టు పేరు వేయడానికి అట్ట మీద చోటు లేదన్నారు.

సీడీలకి డబ్బిచ్చిన రైసుమిల్లు ఆయన మనుషులు ఆయన ఫొటో సీడీ మీదే రావాలన్నారు. నేరుగా ఆయన్నే అడిగాను. అట్ట వెనక, అడుగున పేరుంటే చాలన్నారు. పెద్దమనిషి.

ఫిబ్రవరి 12, బుధవారం

ఈ రాత్రి ఇంట్లో గొడవైంది. రాసిపెట్టుకోవాల్సినంత గొడవ.

హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. మన బాపట్ల తాలూకా ఇటికంపాడు ఆయన ఊరు. 1953లో పోయారు. కవి పోయిన మరుసటి ఏడాది నుంచి అరవయ్యేళ్ళు హక్కు ఉంటుంది కాబట్టి మొన్న డిసెంబరుతో అది తీరింది. ఈ జనవరి 1 నుంచి ఆ పద్యాలు అందరివీ. పేరు వేస్తే చాలు.

కానీ కాటిసీనులో జనం కదలకుండా కూర్చునే పద్యాలు కొన్ని ఆయనవి కావు. గుర్రం జాషువా గారి శ్మశానవాటిక పద్యాలు. ఎప్పుడో ఒక మహానటుడు నాటకంలోకి తెచ్చుకున్నాడు, తర్వాత ప్రతి హరిశ్చంద్రుడూ పాడాడు, డి.వి. సుబ్బారావు గారి గొంతులో అవి ప్రతి ఊరి మైకులోనూ మోగాయి. పెదనాన్న తన గురువు దగ్గర చెవితో నేర్చుకున్నాడు. "కాటిసీను పద్యాలు" అనే నేర్పారట. అవి జాషువా గారివని పెదనాన్నకి చాలా ఏళ్ళ దాకా తెలియదు. మా ఊళ్ళో వినేవాళ్ళలో సగం మందికి ఇప్పటికీ తెలియదు.

దీన్ని చిన్న విషయంగా నేను తీసుకోలేను. వినుకొండలో పుట్టి, కులం పేరుతో అడుగడుగునా అవమానాలు మింగి, ఆ బాధనే పద్యం చేసిన కవి ఆయన. అన్నం పెట్టని లోకం మీద అలిగి ఆయన రాసిన మాటలతో ఎంతమంది నటులు దండలు వేయించుకున్నారు! పంక్తిలో పక్కన కూర్చోనివ్వని వాళ్ళు కూడా ఆ పద్యాలకి కన్నీళ్ళు పెట్టుకున్నారు. కన్నీళ్ళు పెట్టుకున్నాక ఆయన పేరన్నా అడగాలి కదా.

పేరు వేస్తే సరిపోతుందా? సరిపోదు. జాషువా గారు 1971 జులైలో గుంటూరులో కన్నుమూశారు. ఆయన రచనల మీద హక్కు 2031 చివరిదాకా వారసులది. స్టేజీ మీద పాడటం వేరు: టికెట్టు లేకుండా ఔత్సాహిక సమాజం ఆడే నాటకానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. సీడీ చేసి అమ్మాలంటే అనుమతి కావాలి.

పెదనాన్న మండిపడ్డాడు. "కాటిసీనులో ఆ పద్యాలు లేకపోతే అది హరిశ్చంద్ర ఎట్టా అవుద్దిరా? ఇన్నేళ్ళబట్టి పాడుతున్నా, ఎవరన్నా అడిగారా?"

"అడగలేదు పెదనాన్నా. మాస్టారి పేరు వెయ్యలేదేమని కూడా ఎవరూ అడగలేదు."

ఆయన లేచి బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి లోపలికొచ్చి, "తీసెయ్. పర్మిషన్ వచ్చాక రెండో సీడీ చేద్దాం. శివరాత్రికి మాత్రం పాడతా, నన్నాపమాక" అన్నాడు.

పన్నెండు నిమిషాలు తీసేశాం. పెదనాన్న ఆ పన్నెండు నిమిషాల్లో పాడినట్టు ఇంకెక్కడా పాడలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

రోజంతా డీటీపీ షాపులోనే. పేర్లు సీడీ అంచు వెంబడి గుండ్రంగా తిరగాలని కుర్రాడి సరదా. అను ఫాంట్లతో అది కుదిరే పని కాదని కోరల్‌డ్రాలో వంచగానే తెలిసింది. ఆ ఫాంట్లలో తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. వంపు మీద పెడితే ప్రతి ముక్కా ఎటుపడితే అటు తిరిగిపోతుంది. "హరిశ్చంద్ర"లో శకు కింద ఉండాల్సిన చ-ఒత్తు పక్క అక్షరం కిందికి వెళ్ళింది. "లక్ష్మీకాంతం"లో క్ష్మీ మూడు ముక్కలై చెదిరింది. ఇంగ్లీషు అక్షరాలు ఏ వంపులోనైనా నిలబడతాయి, మన అక్షరానికి తన కింద, తన పైన చోటు కావాలి. వంపు మానేసి అడ్డ వరుసల్లోనే కూర్చాం.

సీడీ అడ్డం 120 మిల్లీమీటర్లు, నడిమి కన్నం 15. దాని చుట్టూ పారదర్శకంగా ఉండే భాగంలో ఇంకు పట్టదు. మిగిలిన చోట పైన నాటకం పేరు, కవి పేరు. కన్నానికి ఎడమ పక్క "గానం", కుడి పక్క "హార్మోనియం", ఒకే వరుసలో, ఒకే సైజు అక్షరాల్లో. ఒకే సైజు ఉండాలన్నది పెదనాన్న మాట. కింద తబలా, ఇంకా కింద చిరునామా, పొన్నూరు, గుంటూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్, 2014.

అట్ట లోపలి వైపు మన ప్రాంతపు గొంతుల గురించి నాలుగు మాటలు రాశాను. ఈ మండలంలోని బ్రాహ్మణకోడూరులో 1922లో పుట్టిన మాధవపెద్ది సత్యం గారు కూడా స్టేజీ పద్యం నుంచే సినిమా పాటకి వెళ్ళినవారు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి పాట అందరికీ తెలుసు. ఆ గొంతు మన కాలవగట్ల మీదిదని పిల్లలకి చెప్పేవాళ్ళు తగ్గారు.

ఫిబ్రవరి 18, మంగళవారం

లోక్‌సభలో తెలంగాణ బిల్లు పాసైంది. టీవీలో ప్రసారం మధ్యలో ఆగిపోయింది. షాపులో అందరూ అదే మాట. చిరునామాలో రాష్ట్రం పేరు ఉంచాలా అని కుర్రాడు అడిగాడు. ఉంచమన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

నిన్న రాత్రంతా స్టూడియోలో ప్రింటింగ్. ముందు రైట్ చేసి, ఒక్కోటీ ప్లేయర్లో వేసి చూసి, పలికినవాటినే ప్రింటుకి పంపాం. చెడిన సీడీ మీద ఇంకు పోయడం దేనికి? రైటింగ్ వేగం కూడా తగ్గించాం, పాత ప్లేయర్లు, బస్సుల్లో ఉండేవి, నిదానంగా రాసిన వాటినే బాగా చదువుతాయని స్టూడియో ఆయన అనుభవం.

ట్రేలో సీడీ పెడితే ప్రింటరు లోపలికి లాక్కుని, సన్నగా గీరుతూ, ఒక్కో వరుసా వదులుతుంది. ముందు నాటకం పేరు బయటికొస్తుంది, తర్వాత కవి. ఆ తర్వాత రెండు పేర్లూ ఒక్కసారే, కన్నానికి అటూ ఇటూ. అప్పుడే వచ్చిన సీడీ మీద ఇంకు తడిగా మెరుస్తుంటుంది, వేలు తగిలితే చాలు అక్షరం సాగుతుంది. నేల మీద దుప్పట్లు పరిచి ఒకదాని పక్కన ఒకటి పేర్చాం. పొలాల మీంచి దుమ్ము రాకుండా కిటికీలు మూశాం, ఫ్యాను ఆపాం. చెమటతో తడిసిపోయాం. ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోకూడదు.

తెల్లవారుజామున మాస్టారు వచ్చారు. ఎవరూ పిలవలేదు. గుమ్మంలోనే నిలబడి వంగి చూశారు, లోపలికి రమ్మంటే దుమ్ము పడుతుందని రాలేదు. అడుగు దూరంలో ఉన్న సీడీ మీద తన పేరు చదువుకున్నారు. ఇనిషియల్ తర్వాత చుక్క సరిగ్గా పడిందని చెప్పి, టీ తాగడానికి రమ్మన్నారు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

నిన్న శివరాత్రి. ప్రభలతో కోటప్పకొండ వెళ్ళినవాళ్ళు వెళ్ళగా, జాగారానికి మిగిలిన జనమే మైదానం నిండా ఉన్నారు. సీడీ ముప్పై రూపాయలు పెట్టాం. కుర్రాళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తారా అని అడిగారు, ఆటోవాళ్ళు సీడీలే కొన్నారు. చదువు వచ్చినవాళ్ళు లేబుల్ తిప్పి చూస్తూ, "ఏవండోయ్, హార్మోనియం ఈయనా!" అనడం చాలాసార్లు విన్నాను. మాస్టారిని వాళ్ళు ఏళ్ళ తరబడి రోజూ చూస్తూనే ఉన్నారు.

రెండు దాటాక కాటిసీను. పెదనాన్న రాగం మొదలెట్టబోయి ఆగాడు. మైకు దగ్గరికి జరిగి, "ఇప్పుడు పాడబోయే పద్యాలు గుర్రం జాషువా గారివి. నాయి కావు, బలిజేపల్లి వారివీ కావు. ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇయ్యాల చెప్తున్నా" అన్నాడు. చప్పట్లు మొదట వెనక వరుసల నుంచి వచ్చాయి, తర్వాత అంతటా. వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడాడు. మాస్టారి మెడలో కూడా దండ పడింది, వేసింది పెదనాన్నే.

పొద్దున ఇద్దరు పిల్లలు, ఇంటర్ చదివేవాళ్ళు, సీడీ కొని, అందులో ఆ పద్యాలు లేవని తిరిగొచ్చారు. ఎందుకు లేవో చెప్పాను. అయితే పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. గుంటూరు, విజయవాడ పుస్తకాల షాపుల్లో అడగమన్నాను.

పెదనాన్న అనుమతి ఉత్తరం తన చేతిరాతతోనే రాస్తానంటున్నాడు. వారసుల చిరునామా కనుక్కోవాలి. సోమవారం గుంటూరు వెళ్తున్నాం. మాస్టారు కూడా వస్తానన్నారు.