అక్కడ మన బొమ్మ, ఇక్కడ వాళ్ళ కాసు

వదినగారూ, బట్టలు ఆరేయడం అయ్యాక ఒక్కసారి గోడ దగ్గరికి రండి. మీ అల్లుడుగారు ఇటలీకి టికెట్లు తీశారట కదా! రోమ్, వెనిస్ చూసి ఊరుకోకుండా దక్షిణాన నేపుల్స్, పాంపేయి దాకా వెళ్తున్నారని విన్నాను. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. నేపుల్స్‌లో మన వైపు మనిషి ఒకామె ఉంది. మీరు తప్పకుండా పలకరించి రావాలి.

ఎవరంటే, ఒక ఏనుగుదంతం బొమ్మ. జానెడు కంటే కొంచెం ఎక్కువ, పాతిక సెంటీమీటర్లు ఉంటుందేమో. 1938లో పాంపేయిలో ఒక ఇల్లు తవ్వుతుంటే దొరికింది. మెడలో హారాలు, నడుముకు వడ్డాణం, చేతుల నిండా గాజులు, కాళ్ళకు బరువైన కడియాలు. అటొకరూ ఇటొకరూ చిన్న చెలికత్తెలు అలంకరణ సామాను పట్టుకుని నిలబడి ఉంటారు. లక్ష్మి అనుకుని ఆ పేరే పెట్టారు కానీ, యక్షి అయి ఉంటుందని పండితుల మాట. అది దొరికిన ఇంటిని ఇప్పుడు భారతీయ బొమ్మ ఇల్లనే పిలుస్తారు. బొమ్మ మాత్రం నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో, రహస్య మందిరం అని పిలిచే గదిలో ఉంటుంది. ఎంత పెద్ద మ్యూజియమో! అడక్కపోతే ఆ గది దాటి వచ్చేస్తారు. అడిగి మరీ వెళ్ళండి.

క్రీ.శ. 79లో వెసూవియస్ కొండ బద్దలై పాంపేయిని బూడిదలో పూడ్చేసింది. అంటే ఈ బొమ్మ అంతకుముందే సముద్రం దాటిందన్నమాట. మొదట్లో మథురలో చేసిందేమో అనుకున్నారు. తర్వాత జాల్నా జిల్లా భోకర్‌దన్ తవ్వకాల్లో ఇలాంటి బొమ్మే బయటపడింది. అప్పటినుంచి చాలామంది చూపు మన దక్కను మీదికి తిరిగింది. జాల్నా ఎక్కడో కాదండీ, మన సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్ళే రైలు దారిలోనే ఉంది. శాతవాహనుల సీమ అది.

మన సరుకు అక్కడికి వెళ్ళింది సరే, బదులుగా ఏం వచ్చిందంటారా? బంగారం, వెండి. ప్లినీ అని ఒక రోమన్ పెద్దమనిషి ఉండేవాడు. ఏటేటా వాళ్ళ నాణేల్లో 5 కోట్ల సెస్టర్సుల సొమ్మును భారతదేశం లాగేసుకుంటోందని తన పుస్తకంలో రాసుకుని వాపోయాడు. ఆయన చివరికి ఎలా పోయాడో తెలుసా? అదే వెసూవియస్ బద్దలైన రోజుల్లో, జనాన్ని కాపాడదామని ఓడ వేసుకుని వెళ్ళి, పాంపేయి పక్కనే స్టాబియే తీరంలో ప్రాణం వదిలాడు. ఆయన ఏ సొమ్ము గురించి బాధపడ్డాడో ఆ సొమ్ములో కొంత మన మట్టిలోనే దొరికింది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1,531 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి!

అందుకే చెప్తున్నాను, నేపుల్స్ విమానం ఎక్కేముందు మీరు ఆ కాలపు ఊరే అయిన కొండాపూర్ చూసి వెళ్ళాలి. హైటెక్ సిటీ పక్కన ఉన్న కొండాపూర్ కాదండోయ్. ఫోన్లో దారి పెట్టుకునేటప్పుడు జాగ్రత్త, తిన్నగా ఆఫీసు భవనాల మధ్యకి తీసుకెళ్తుంది. ఇది సంగారెడ్డి జిల్లా కొండాపూర్. పటాన్‌చెరు, సంగారెడ్డి దాటి వెళ్ళాలి. మన హైదరాబాద్ నుంచి సుమారు 70, 80 కిలోమీటర్లు పడుతుంది. ఊరి బయట పెద్ద పాటిగడ్డ, అంటే పాతకాలపు ఊరు పూడిపోయిన మట్టిదిబ్బ ఉంది. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ, గులాం యజ్దానీ గారు డైరెక్టరుగా ఉన్నప్పుడు దాన్ని తవ్వించింది. కేంద్ర పురావస్తు శాఖ వాళ్ళ మ్యూజియం అక్కడే ఉంది. చిన్నదే, కానీ నిదానంగా చూస్తే పూట పడుతుంది.

అక్కడ రాజుల సింహాసనాలు, కత్తులు ఉంటాయనుకోకండి. ఉన్నదంతా మామూలు జనం సామానే. రంగురాళ్ళ పూసలు, శంఖం గాజులు, ఎముకతో చేసిన వస్తువులు, సీసం నాణేలు, కుండలు, మట్టిబొమ్మలు. ఆ బొమ్మల తలకట్టులు చూడండి వదినగారూ, ఒకదానికున్న కొప్పు ఇంకోదానికి లేదు! తెల్ల సుద్దమట్టిని రెండు అచ్చుల్లో నొక్కి, అతికించి, కాల్చిన బొమ్మలవి. రెండువేల ఏళ్ళ తర్వాత కూడా ముఖంలో కళ పోలేదు.

అక్కడే రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం ఒకటి దొరికింది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం అది కాదు. రోమన్ నాణెం మీది బొమ్మను మట్టి మీద అచ్చు కొట్టి, కాల్చి, దారం ఎక్కించడానికి కొక్కెం పెట్టి పతకాలు చేసుకున్నారు. మన కాసులపేరు లాంటి ముచ్చటే అనుకోండి. అసలు బంగారు కాసు మెళ్ళో వేసుకునే స్తోమత ఎంతమందికి ఉంటుంది? లేనివాళ్ళు మట్టికాసు వేసుకుని ఉంటారు. ఎక్కడో సముద్రాల అవతలి రాజు ముఖం, ఆయనెవరో తెలియని మన పల్లెటూరి ఆడపిల్ల మెడలో! పాంపేయి ఇల్లాలికి మన దంతం బొమ్మ ఎంత ముద్దొచ్చిందో, మన పిల్లకి వాళ్ళ కాసు అంత ముద్దొచ్చింది. ఓడలు, పన్నులు, రాజుల సంగతి పుస్తకాల్లో ఎంతైనా చదవొచ్చు కానీ, ఈ ముచ్చట అర్థం కావాలంటే ఆ అద్దం పెట్టె ముందు నిలబడాల్సిందే.

పాంపేయి వీధుల్లో నడిచేటప్పుడు ఇంకొకటి గుర్తు చేసుకోండి. వాళ్ళ ఊరు బూడిదలో మునిగింది, మన నాగార్జునకొండ లోయ నీళ్ళలో మునిగింది. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకి 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి బృందం ఆ నేలంతా తవ్వింది. విహారాలు, స్తూపాలు, స్నానఘట్టాలు, చుట్టూ ఇటుక మెట్లు కట్టిన రంగస్థలం, అన్నీ బయటపెట్టి, ముఖ్యమైన వాటిని విప్పి, నాగార్జునకొండ మీదా, ఒడ్డున అనుపు అనే చోటా మళ్ళీ నిలబెట్టారు. ఆ రంగస్థలం చూస్తే పాంపేయిలో మీరు చూడబోయేదానికి దూరపు చుట్టంలా ఉంటుంది. అక్కడా రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఒక స్తంభం మీద చేతిలో కొమ్ము పట్టుకున్న గ్రీకు మధుదేవత డయోనిసస్ లాంటి బొమ్మ కూడా ఉంది. గడువు పెట్టుకుని, నీళ్ళు రాకముందే ఊరిని దక్కించుకున్న ఆ మనుషుల కష్టం తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఫణిగిరి మాట కూడా చెప్పనివ్వండి. సూర్యాపేట జిల్లా, తిరుమలగిరి దగ్గర. జనగామ దాకా రైల్లో వెళ్ళి అక్కడినుంచి బండి మాట్లాడుకోవచ్చు. పాము పడగలాంటి కొండ మీద బౌద్ధ విహారం, స్తూపం ఉన్నాయి. బుద్ధుడి కథలు చెక్కిన తోరణపు రాళ్ళు అక్కడ దొరికాయి. 2023లో ఆ ఊరి శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్ళి వచ్చాయి. 2024లో ఒక కుండలో 3,730 సీసం నాణేలు బయటపడ్డాయి. ఇంకా ఆ నేలలో ఎంత ఉందో!

నా బాధ ఒకటే వదినగారూ. ఇటలీలో చిన్న ఊరి మ్యూజియానికి కూడా ఎక్కడెక్కడి జనమో వెతుక్కుంటూ వెళ్తారు. మన కొండాపూర్‌కి వెళ్తే, గదులన్నీ మనకోసమే తెరిచి ఉంచినట్టుంటాయి. ఎన్నో పాటిగడ్డల్ని ఎరువు మట్టి కోసం పొలాలకు తోలేశారు. పూసలూ పెంకులూ దుక్కిలో కలిసిపోయాయి. జనం వస్తూ పోతూ ఉంటే ఊరివాళ్ళకీ ఆ గడ్డ విలువ తెలుస్తుంది. దొరికిన నాణెం కంసాలి మూసలోకి పోకుండా మ్యూజియానికి చేరుతుంది. ప్రభుత్వం ఒక్కటే కాపాడలేదండీ, వచ్చి చూసే కళ్ళు కూడా కాపాడాలి.

పిల్లల్ని తీసుకెళ్ళడం కష్టమంటారా? అన్నీ చూపించబోతేనే విసుక్కుంటారు. తలా ఒక వస్తువు ఎంచుకోమనండి. పూసో, బొమ్మో, కుండపెంకో, ఏదైనా సరే. ఇది ఎవరు చేశారు, దేనికి వాడారు, ఎక్కడినుంచి వచ్చింది అని అడుగుతూ పొండి. పెద్దమనవడు ఊహించి చెప్పేది వింటే మీకే ముచ్చటేస్తుంది. దూరం వెళ్ళడం కుదరని రోజు పబ్లిక్ గార్డెన్స్‌లో మన రాష్ట్ర మ్యూజియం ఉంది. అందరూ ఈజిప్టు మమ్మీని చూసి గబగబా వచ్చేస్తారు. మీరు మాత్రం నాణేలు, బౌద్ధ శిల్పాల దగ్గర ఆగండి.

ఈ ఆదివారం కొండాపూర్ పెట్టుకుందామా? శుక్రవారం మాత్రం వద్దు, కేంద్ర శాఖ మ్యూజియాలు ఆ రోజు మూసేస్తారు. పొద్దున ఏడింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే గడ్డ మీద తిరిగి, తర్వాత లోపల తీరిగ్గా చూడొచ్చు. పిల్లలకి టోపీలు, నీళ్ళ సీసాలు మీరు చూడండి, పులిహోర, పెరుగన్నం నేను చేసుకొస్తాను. అక్కడ మట్టికాసు చూశాక, నేపుల్స్‌లో ఆ దంతం బొమ్మ ముందు నిలబడితే మీ పక్కన ఉన్న పరాయి దేశం వాళ్ళకి కూడా మీరే కథ చెప్పగలరు.