వేడి నీళ్ళను తోసేది చన్నీళ్ళే



చలికాలంలో ఒక్కోరోజు పొద్దున్నే మన వేడి నీళ్ళ కుళాయి తిప్పితే చుక్క రాదు. "సోలారు చెడిపోయింది" అని అందరూ అంటారు. ముందు లేచిన వాళ్ళకు నీళ్ళు దొరుకుతాయి. చివర వచ్చే ఐదో తరగతి పిల్లలు వణుక్కుంటూ తొట్టిలో చన్నీళ్ళే పోసుకుంటారు. మొన్న అట్లాగే జరిగింది. కరెంటు వచ్చి మోటారు వేశాక అదే కుళాయిలో పొగలు కక్కే నీళ్ళు వచ్చాయి. అప్పటికి చిన్నపిల్లలు ప్రేయర్‌లో నిలబడి ఉన్నారు. అంటే సోలారు చెడిపోలేదు. మరి వేడి నీళ్ళు ఉండి కూడా ఎందుకు రాలేదు?

మా మామ నరసరావుపేటలో ప్లంబరు దగ్గర పని చేస్తాడు. బడికి పోలేదు. సంక్రాంతి సెలవుల్లో అడిగితే నేల మీద పుల్లతో గీసి చెప్పాడు. "వేడి నీళ్ళు వాటంతట అవి రావే పిల్లా. అడుగు నుంచి చన్నీళ్ళు తోస్తేనే పైనున్న వేడి నీళ్ళు బయటికొస్తయ్" అన్నాడు. వేడి నీళ్ళు తేలిక కాబట్టి పైకి చేరతాయి. అందుకే సోలారు డ్రమ్ముకు చన్నీళ్ళ పైపు అడుగున, వేడి నీళ్ళ పైపు పైన పెడతారు. ఇళ్ళల్లో ఉండే గీజరు కూడా అంతే. మామూలు పీవీసీ పైపు వేడికి మెత్తబడుతుందని సీపీవీసీ పైపు వేస్తారంట.

మరి చన్నీళ్ళకు ఆ బలం ఎక్కడిది? ఎత్తు వల్ల వస్తుంది. 10 మీటర్ల ఎత్తు నీళ్ళు ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు 1 కిలో బరువు మోపుతాయని సైన్సు సార్ చెప్పారు. కుళాయికి 4 మీటర్ల పైన నీళ్ళుంటే 400 గ్రాములు. ట్యాంకు ఎంత లావైనా లెక్క ఎత్తుదే. మామ చెప్పిందీ సార్ చెప్పిందీ ఒకటే అని తెలిసి నాకు చాలా సంతోషం వేసింది.

నీరు పల్లమెరుగు అంటారు. నకరికల్లు పక్కన సాగర్ కుడి కాలువకు 1967లో నీళ్ళు వదిలారు. డ్యాం నీళ్ళను ఎత్తున ఆపింది కాబట్టి కాలువ పల్లానికి దానంతట అదే పారుతుంది. మా తండా గట్టు మీద ఉంది. అక్కడికి నీళ్ళు వాటంతట అవి ఎక్కవు. మా యాడి బిందె మీద బిందె పెట్టుకుని తలమీద మోసింది. ఎత్తు ఊరికే రాదు, ఎవరో ఒకరు ఎక్కించాలి. ఇక్కడ మోటారు ఎక్కిస్తోంది.

కాబట్టి నా మనవి. రాత్రి పడుకునే ముందే చన్నీళ్ళ ట్యాంకు నింపితే పొద్దున కరెంటు పోయినా వేడి నీళ్ళు వస్తాయి. పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి వదిలేయొద్దు. ట్యాంకు ఖాళీ అయితే తోసే నీళ్ళుండవు. వేడి నీళ్ళ పైపులో మొదట వచ్చే చల్లటి నీళ్ళు పారబోయకుండా బట్టల బకెట్లో పట్టుకుందాం. మేడం గారు ఒప్పుకుంటే తొమ్మిదో తరగతి వాళ్ళం వంతులు వేసుకుని రోజూ రాత్రి ట్యాంకు చూస్తాం. పొద్దున ముందుగా ఐదో తరగతి చెల్లెళ్ళు పోసుకోవాలి.

— 9వ తరగతి విద్యార్థిని