గడ్డప్ప, తమ్మణ్ణ, మా అయ్య

మేము అంటే ఇక్కడ అన్నదమ్ములం ఇద్దరం. కోయ పిల్లలం. ఇద్దరం ఆశ్రమ పాఠశాలలో చదివి, టీటీసీ చేసి, ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాం. రాస్తున్నది పెద్దవాడే అయినా, చిన్నవాడు చదివి సరే అన్నాకే ఈ వ్యాసం పంపుతున్నాం. ఇందులో చెప్పబోయే తప్పు ఇద్దరిదీ కాబట్టి.

పోయిన వేసవి సెలవుల్లో మాలో చిన్నవాడు లాప్‌టాప్‌లో ఒక కన్నడ సినిమా తెచ్చాడు. పేరు ‘తిథి’. మనం తిథి అంటే పంచాంగం గుర్తుకొస్తుంది గానీ, అక్కడి ఊళ్ళలో అది మనిషి పోయిన పదకొండో రోజున చేసే కర్మ, ఊరందరికీ పెట్టే భోజనం. మన దినాల లాంటిదే. కర్ణాటకలో మండ్య జిల్లా నోదెకొప్పలు అనే ఊళ్ళో తీశారు. దర్శకుడు రామ్ రెడ్డికి ఇది మొదటి సినిమా. కథ రాయడంలో తోడున్న ఈరేగౌడది ఆ ఊరే. నటించినవాళ్ళంతా అక్కడి రైతులు, ముసలివాళ్ళు, కుర్రవాళ్ళు. అంతకుముందు ఎవరూ కెమెరా ముందుకు వచ్చినవాళ్ళు కాదు. 2015లో లొకార్నో చిత్రోత్సవంలో బహుమతులు వచ్చాయి, తర్వాత ఉత్తమ కన్నడ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. ఇవన్నీ మేము తర్వాత తెలుసుకున్నవి. ఆ రాత్రి మాకు తెలిసింది ఒక్కటే, ఇది నవ్వించే సినిమా అని.

వరండాలో మంచం మీద మా అయ్య పడుకుని ఉన్నాడు. సినిమా మొదట్లో సెంచరీ గౌడ అనే నూట ఒక్క ఏళ్ళ ముసలాయన వీధి పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరినీ తిట్టి, తిట్టి, మూత్రానికని లేచి, అక్కడే కూలి చచ్చిపోతాడు. ఆ తిట్లకు మా అయ్య లేచి కూర్చున్నాడు. కన్నడ రాదు. అయినా తిట్లు ఏ భాషలోనైనా తెలుస్తాయి గదా.

ఆ సెంచరీ గౌడ కొడుకు గడ్డప్ప. పెద్ద గడ్డం, అందుకే ఆ పేరు. తండ్రి పోయాడన్న కబురు ఆయనకు పెద్దగా అంటదు. బీడీ కాల్చుకుంటూ, టైగర్ బ్రాందీ తాగుతూ, పొలాల వెంబడి తిరుగుతుంటాడు. గడ్డప్ప కొడుకు తమ్మణ్ణ. తమ్మణ్ణ కొడుకు అభి, ఒక గొర్రెల కాపరుల పిల్ల వెంట పడి తిరిగే కుర్రాడు. చచ్చిపోయిన తాత పేరు మీద ఐదెకరాలుంది. తమ్మణ్ణ దాన్ని అమ్ముకోవాలి. వరసలో హక్కు గడ్డప్పది. ఆయనకు భూమీ పట్టదు, ఆఫీసులూ పట్టవు. చివరికి తమ్మణ్ణ ఏం చేస్తాడంటే, చేతిలో డబ్బులు పెట్టి, ఎక్కడికైనా తిరిగి రమ్మని తండ్రిని ఊరి నుంచి పంపేసి, తండ్రి చచ్చిపోయినట్టు కాగితాలు పుట్టిస్తాడు.

ఇందులో ఎవరూ జోకు వెయ్యరు. అందరూ ఎవరి పని వాళ్ళు చాలా గంభీరంగా చేసుకుంటారు, నవ్వు మనకు వస్తుంది. తెలుగులో తండ్రీకొడుకుల సినిమా అనగానే ‘బొమ్మరిల్లు’ చెప్తారు. తండ్రి కొడుకు చొక్కా కూడా తనే ఎంచుతాడు, చివర్లో కొడుకు మనసు విప్పి మాట్లాడతాడు, తండ్రి కరుగుతాడు. మంచి సినిమానే. కానీ మా అయ్య మాకు చొక్కా ఎంచలేదు, మాకు చొక్కా ఉందో లేదో కూడా చూడలేదు. మూడో తరగతిలో హాస్టల్లో దించి వెళ్ళినవాడు వెనక్కి తిరిగి చూడలేదు. ఏడాదికి ఒకసారి ఎండిన ఇప్పపువ్వు మూట పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. మేము వెళ్ళి మూట తీసుకునేవాళ్ళం. మాటలుండేవి కావు. మాకు పెద్ద పెద్ద కోయ మాటలు అప్పటికే మర్చిపోవడం మొదలైంది.

ఉద్యోగాలొచ్చాక మాటలు మొదలయ్యాయి. అన్నీ కాగితాల మాటలే. ఆధార్ ఎక్కడ పెట్టావు, పింఛను వచ్చిందా, బ్యాంకు బుక్కు తియ్యి.

ఇక మా తప్పు. 2006 అటవీ హక్కుల చట్టం కింద మా అయ్యకు పోడు పట్టా వచ్చింది, రెండెకరాల పైన. మీకు తెలిసిందే, ఆ భూమిని అమ్మడానికి లేదు, వారసులకు మాత్రం వస్తుంది. అందులో బోరు వేయించాలని మేము దరఖాస్తు పెట్టాం. పట్టాదారు స్వయంగా రావాలన్నారు. మొదటి తేదీకి మా అయ్య ఇప్పపువ్వు ఏరడానికి అడవికి వెళ్ళిపోయాడు. రెండోసారి చుట్టాల ఊళ్ళో పండుగ. మూడోసారి బలవంతంగా బండి మీద ఎక్కించి తీసుకెళ్తే వేలిముద్ర పడలేదు. అన్నేళ్ళు గొడ్డలి పట్టిన వేళ్ళు, మిషన్‌కు గీతలు దొరకలేదు. వచ్చేటప్పుడు ఆయన మొహంలో సంతోషం చూసి మాకు మండిపోయింది.

మర్నాడు మేమే వెళ్ళాం. అక్కడి ఉద్యోగి ఒకాయన, మంచివాడే, తేలిగ్గా అన్నాడు: “మీ నాన్న లేరనుకోండి సార్, వారసుల పేరు మీదికి మార్చడం ఎంతసేపు? ఉండబట్టే ఇబ్బంది.” మేము నవ్వాం. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ మాట మళ్ళీ చెప్పుకుని నవ్వాం. ఇంట్లో మేము తెలుగే మాట్లాడుకుంటాం. అయ్యకు అర్థం కాదని అనుకున్నాం. సంతలో నలభై ఏళ్ళు చింతపండు అమ్మిన మనిషికి తెలుగు రాదని ఎలా అనుకున్నామో ఇప్పటికీ తెలియదు. పొద్దున లేచేసరికి మంచం ఖాళీ. పది రోజులు మా మేనత్త ఊళ్ళో ఉండి వచ్చాడు. ఏమీ అనలేదు. మేమూ అడగలేదు. బోరు మాట అక్కడే ఆగిపోయింది.

ఇదంతా అయిన ఏడాదికి ఈ సినిమా. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి, వచ్చిన కోయలో మా అయ్యకు చెప్తూ పోతున్నాం. తమ్మణ్ణ కాగితాల కోసం తిరిగే చోట మా అయ్య అడిగాడు, “ఏం చేస్తున్నాడు వాడు?”

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చెప్పకుండా దాటేద్దామనే అనిపించింది. చివరికి చిన్నవాడు చెప్పాడు, “తండ్రి చచ్చిపోయాడని కాగితం రాయిస్తున్నాడు.”

“తండ్రి ఎక్కడున్నాడు?”

“గొర్రెల కాపరుల దగ్గర. తాగుతున్నాడు.”

మా అయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి, నీళ్ళు తాగి, శుభ్రమైన తెలుగులో అన్నాడు: “ఉండబట్టే ఇబ్బంది.”

ఆ తర్వాత కాసేపు తెర మీద ఏం జరిగిందో మేము చూడలేదు.

కాపరుల మంట దగ్గర గడ్డప్ప తన పాత సంగతి చెప్పే భాగం ఒకటుంది. తండ్రి తనకు చేసిన ద్రోహం, ఇల్లూ భూమీ తనకెందుకు అక్కర్లేకుండా పోయాయో చెప్తాడు. వినేది పరాయివాళ్ళు. తమ్మణ్ణ ఆ సమయంలో ఎక్కడో సంతకాల వెంట తిరుగుతున్నాడు. మా అయ్య ఇక్కడ నవ్వలేదు. ఒక్క మాట వదలకుండా చెప్పమన్నాడు.

సినిమా అయ్యాక చుట్ట ముట్టించుకుని, మేము అడగకుండానే చెప్పాడు. 1/70 చట్టం ఇంకా రాని రోజులు. మా తాతకు వాగు పక్కన మాగాణి ఉండేదట. ఉప్పూ బట్టా అప్పు తెచ్చిన షావుకారు దగ్గర మా తాత ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడట. పక్కన పదేళ్ళ మా అయ్య నిలబడి ఉన్నాడు. మరుసటి ఏడు ఆ పొలంలో వేరేవాళ్ళు నాట్లు వేశారు. ఆ తర్వాత మా తాతా ఆయనా ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకున్నది లేదట. అలా ఒక పొలం ఉండేదని మాకు నలభై దాటేదాకా తెలియదు.

ఈ సినిమా మన యువకులు చూడాలి. బడిపిల్లలకు వద్దు, తిట్లూ తాగుడూ ఎక్కువ. అభి ఆ పిల్ల వెంట పడే తీరు కూడా మాకు నచ్చలేదు. సినిమా దాన్ని సరదాగా వదిలేసింది, మనం చూపించేటప్పుడు అక్కడ ఆగి పిల్లలతో మాట్లాడాలి. అసలు ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో కొంచెం కూడా వినపడదు. తమ్మణ్ణను మాత్రం దుర్మార్గుడిగా చూపలేదు. అతనికి భయం ఉంది, అప్పుంది, ఎండలో తిరిగిన చెమట ఉంది. మేము మొదటి గంట గడ్డప్పను చూసి మా అయ్య లాగే ఉన్నాడని నవ్వుకున్నాం. మేము ఎవరిలాగా ఉన్నామో అప్పటికి చూసుకోలేదు.

వారం తర్వాత ధైర్యం చేసి అడిగాం, బోరుకు మళ్ళీ దరఖాస్తు పెడితే వస్తావా అని. “కాగితం మొత్తం చదివి వినిపించండి. కోయలో” అన్నాడు. రెండు సాయంత్రాలు పట్టింది. హక్కుదారు, వారసత్వం, హామీ, ఇలాంటి వాటికి మా దగ్గర కోయ మాటలు లేవు. అర్థం తెలుగులో చెప్తే ఆయనే మాట అందించాడు. కొన్నింటికి ఆయన దగ్గరా లేవు, అక్కడ ముగ్గురం ఆగిపోయాం. మూడో పేజీలో ఒక వాక్యం ఆయనకు నచ్చలేదు, దాని సంగతి ఆఫీసులో కనుక్కోమన్నాడు. కనుక్కుని వచ్చి చెప్పాం.

దరఖాస్తు ఇచ్చాం. తేదీ ఇంకా ఇవ్వలేదు.