పటం ఎక్కడ పడాలి? యాంట్‌వర్ప్ అచ్చాఫీసులో ఒక ప్రశ్న

బెల్జియంలోని యాంట్‌వర్ప్‌లో, శుక్రవారం సంత జరిగే చౌకును ఆనుకుని ప్లాంటిన్-మొరెటస్ మ్యూజియం ఉంది. క్రిస్టోఫ్ ప్లాంటిన్ 1576లో తన అచ్చాఫీసును ఈ ఇంటికి మార్చాడు. ఆయన తర్వాత అల్లుడు మొరెటస్, అతని వంశీకులు దాన్ని తరతరాలుగా నడిపి 1876లో నగరానికి అమ్మారు. సీసపు అక్షరాల అరలు, ప్రూఫులు దిద్దే గది, ప్రపంచంలో మిగిలిన ముద్రణ యంత్రాల్లోకెల్లా పాతవైన రెండు, అన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి. నేను అక్కడికి వెళ్ళింది ఒక ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ: పుస్తకంలో పటం ఏ పేజీలో, పేజీలో ఏ చోట పడాలో తేల్చేది ఎవరు? పేజీలు అమర్చే లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో థీసిస్ రాసే విద్యార్థుల్ని రోజూ వేధించే ప్రశ్న ఇది. 'ఇక్కడే' అని పెట్టిన పటం రెండు పేజీల అవతల తేలుతుంది. సాఫ్ట్‌వేర్ మొండికేసిందనుకుంటారు. నిజానికి ఈ ఇబ్బంది పేజీతోనే పుట్టింది. ఈ ఇంట్లో వేల సంఖ్యలో దాచిన చెక్క దిమ్మలూ రాగి రేకులూ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

చెక్క దిమ్మను సీసపు అక్షరం ఎత్తుకు సరిగ్గా తయారుచేస్తారు. గీతలు పైకి లేచి ఉంటాయి, మిగతా చెక్కను తొలిచేస్తారు. అందుకే దాన్ని అక్షరాలతో కలిపి ఒకే చట్రంలో బిగించి ఒకేసారి అచ్చు వేయవచ్చు. 1583లో ప్లాంటిన్ అచ్చు వేసిన, డొడోన్స్ రాసిన మొక్కల గ్రంథంలో వర్ణన దగ్గరే మొక్క బొమ్మ కనిపించడానికి కారణం ఇదే. రాగి రేకు అలా కాదు. దానిమీద సిరా గీతల లోపల నిలుస్తుంది, దాన్ని కాగితం పీల్చుకోవాలంటే రోలర్ల మధ్య గట్టిగా నొక్కాలి. కాబట్టి అక్షరాలు ఒక యంత్రం మీద, బొమ్మ ఇంకో యంత్రం మీద. పాఠం మధ్యలో బొమ్మ కావాలంటే ముందు అక్షరాలు అచ్చు వేసి, ఖాళీ వదిలి, అదే కాగితాన్ని మళ్ళీ తడిపి రోలర్ల కిందికి పంపాలి. పిసరంత జరిగినా బొమ్మ వంకరపోతుంది. ఈ ఖర్చు, ఈ శ్రమ తప్పించుకోవడానికే చాలా పుస్తకాల్లో రాగి బొమ్మలు విడి పేజీల్లోకి వెళ్ళాయి. అంటే బొమ్మ చోటును రచయిత కోరికతో పాటు యంత్రం, కాగితం కూడా నిర్ణయించాయి. సులువైన చెక్క దిమ్మకు కూడా ఒక హద్దు ఉంది: పేజీలో నాలుగు వరుసల చోటే మిగిలితే పది వరుసల దిమ్మ అందులో పట్టదు, దాన్ని రెండుగా కోయలేం.

లేటెక్ చేసేది సీసపు అక్షరాలు కూర్చే ఈ పాత కంపోజిటర్ పనే. 1980లలో లెస్లీ లాంపోర్ట్ దీన్ని డొనాల్డ్ క్నూత్ రాసిన టెక్ అనే అక్షర కూర్పు ప్రోగ్రాం మీద కట్టినప్పుడు పటాన్ని 'తేలే' వస్తువుగా ఉంచాడు. మనం ఇచ్చే అక్షరాలు ఆజ్ఞలు కావు, అనుమతులు: 'హెచ్' అంటే ఇక్కడ, 'టి' అంటే పేజీ పైన, 'బి' అంటే కింద, 'పి' అంటే పటాలకే కేటాయించిన పేజీ. వాటిని ఏ వరుసలో రాశామన్నది లెక్కలోకి రాదు. ఆ పైన కొలతలుంటాయి. మామూలు అమరికలో పేజీ పైభాగాన పటాలు పదింట ఏడు వంతులు దాటకూడదు, కింద మూడు వంతులు దాటకూడదు, పాఠానికి కనీసం రెండు వంతులు మిగలాలి. ఇప్పుడు ఒక పటం పేజీలో ముప్పాతిక ఎత్తు ఉందనుకుందాం. దానికి 'టి' ఒక్కటే ఇస్తే ఏ పేజీ పైనా పట్టదు. పటాలు వరుస తప్పకూడదు గనుక దాని వెనకున్న పటాలన్నీ ఆగిపోయి అధ్యాయం చివర కుప్పపడతాయి. 'టి' పక్కన 'పి' కూడా రాస్తే చిక్కు వీడుతుంది. పటాలు పారిపోయాయని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇలాంటి ఇరుకు అనుమతే.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది: చదివేవాడికి పటం పాఠం పక్కనే కావాలి, పేజీలు తిరగేస్తే ఆలోచన తెగుతుంది. ఇది న్యాయమైన మాటే. అందుకే అడ్డుకట్టలున్నాయి. లేటెక్‌కు తగిలించుకునే 'ప్లేస్‌ఇన్స్' ప్యాకేజీలోని అడ్డుగోడ ఆదేశాన్ని విభాగం చివర పెడితే పటం ఆ విభాగం దాటదు. అనుమతి అక్షరాలతో పాటు ఆశ్చర్యార్థకం పెడితే కొలతల నిబంధన సడలుతుంది. 'ఫ్లోట్' ప్యాకేజీ ఇచ్చే పెద్ద 'హెచ్' పటాన్ని కదలకుండా కట్టేస్తుంది. కానీ దాన్ని మొదటి చిత్తు నుంచే వాడితే తర్వాత పేరాలు చేర్చినప్పుడల్లా ఎక్కడో ఒక పేజీ అడుగున తెల్లటి గుంట మిగలవచ్చు. అది చివరి ప్రూఫు దగ్గర, పాఠం ఇక మారదన్నప్పుడు వాడాల్సిన పనిముట్టు. ఇంకొకరు, చేత్తో లాగి పెట్టుకునే పేజ్‌మేకర్‌లో ఈ గొడవే లేదంటారు. లేకపోవడం కాదు, ఆ గొడవంతా ఆపరేటర్ నెత్తిన పడుతుంది. రచయిత రెండు వాక్యాలు చేరిస్తే ఆ తర్వాతి పేజీలన్నీ ఆయన మళ్ళీ సర్దాలి.

తెలుగులో ఇది ఇంకా బరువైన సంగతి. వత్తుల కోసం వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి, పేజీలో పట్టే వరుసలు తగ్గుతాయి, పటానికి దొరికే చోటు ఇరుకవుతుంది. అయినా 'కింది పటంలో చూపినట్లు', 'పక్క బొమ్మ చూడండి' అని రాసే అలవాటు మనకు పోలేదు. ఆ ఒక్క మాటతో రచయిత పేజీ అమర్చేవాళ్ళ చేతులు కట్టేస్తాడు, పటం కదిలితే వాక్యమే అబద్ధమవుతుంది. 1543లో బాసెల్‌లో అచ్చయిన వెసాలియస్ శరీర నిర్మాణ గ్రంథం దీనికి ఎప్పుడో దారి చూపింది. అందులో పేజీ అంచున రాసిన సూచనలు ఏ పటంలో ఏ అక్షరం దగ్గర చూడాలో చెబుతాయి. పటం ఎక్కడున్నా దొరుకుతుంది, ఒకే పటం ఎన్ని చోట్లకైనా పనికొస్తుంది. మన పాఠ్యపుస్తకాలు, పరిశోధన గ్రంథాలు రాసేవాళ్ళకు నా విన్నపం ఇదే: ప్రతి పటానికి సంఖ్య ఇవ్వండి, వాక్యంలో 'పటం 3.2' అనే రాయండి, ఏ విభాగం దాటకూడదో చెప్పండి, మిగతాది పేజీ అమర్చేవాళ్ళకు వదిలేయండి.