నీటి అడుగున కెమెరా బేరం

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అని పెద్దలు ఎవరిని చూచి అన్నారో గాని, స్కూబా డైవింగు నేర్చుకొనక ముందే నీటి కెమెరాల ధరలు వాకబు చేసిన మాకు ఆ సామెత చక్కగా అతుకుతుంది. ఆ విద్యలో మమ్మల్ని దింపింది మా అమ్మాయి. యాభై దాటిన తరువాత సముద్రంలో మునకలేమిటని బంధువులు నవ్వారు. మేమూ నవ్వాము. కాని ఒకసారి ఆ నీలపు వెలుగు చూచిన తరువాత నవ్వు పోయి మోజు పుట్టింది. మోజు వెంటనే కెమెరా పిచ్చి వచ్చింది. ఇదే పిచ్చి పట్టబోయే వారు మన కుటుంబాలలో ఇంకా ఉంటారు గనుక, మా అనుభవం నాలుగు మాటల్లో మనవి చేస్తున్నాము.

మురుడేశ్వరం నుంచి పడవలో పోతే నేత్రాణి దీవి వస్తుంది. వానాకాలం వెళ్లి సముద్రం తేరుకున్న నెలలే అక్కడ దిగడానికి అదను. మాకు అప్పుడే “ఓపెన్ వాటర్” పట్టా చేతికి వచ్చింది. దానితో 18 మీటర్ల లోతు దాకా దిగవచ్చు, అయితే జోడీతో దిగాలి. ఒకరి తొట్టిలో గాలి అయిపోతే రెండవ వారి గాలే దిక్కు. మా జోడీ మా అమ్మాయే.

ఆ రోజు ఒక కెమెరా అద్దెకు తీసుకున్నాము. నేర్పిన గురువుగారు, “మొదట ఓ పదిసార్లు వట్టి చేతులతో దిగండి సార్, కెమెరా ఎక్కడికీ పోదు” అన్నారు. బుద్ధిగా తల ఊపి, కెమెరా తాడు మణికట్టుకు తగిలించుకున్నాము.

పన్నెండు మీటర్ల లోతున పసుపు చారల సీతాకోకచిలుక చేప ఒకటి కనిపించింది. బొమ్మ తీద్దామంటే తోక చూపి తప్పుకున్నది. వెంటబడ్డాము. ఒక రాయి దాటి, ఇంకో రాయి దాటి, చివరకు తల ఎత్తి చూస్తే అమ్మాయి లేదు! ఎటు తిరిగినా నీలమే. మా ఊపిరి చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. జోడీ తప్పిపోతే ఒక నిమిషం మాత్రం వెదికి, మెల్లగా పైకి రావాలని నేర్పారు. ఆ ఒక్క నిమిషంలో ఎందరు దేవుళ్లకు మొక్కుకున్నామో లెక్క లేదు.

పైకి వచ్చేసరికి అమ్మాయి అలల మీద తేలుతూ మా కోసమే చూస్తున్నది. ఆమెకు పాఠం గుర్తున్నది. కోపపడలేదు. “నువ్వు చేపను చూస్తున్నావు నాన్నా, నేను నిన్ను చూస్తున్నాను. నీ కాలితెడ్లకు ఇసుక లేచింది, ఇంక కనపడలేదు” అంది. అంతకంటె నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

ఆ రాత్రి బసలో బొమ్మలు చూచాము. నలభై మూడు తీస్తే అన్నీ పచ్చగా, పొగ పట్టినట్లున్నాయి. వాటిలో ఒకదానిలో చేప తోక ఉన్నది. ఆ తోకకు వెనుక, ఒక మూలన, మసకగా ఒక మనిషి చేయి ఊపుతున్నది. మా అమ్మాయే, రమ్మని పిలుస్తున్నది. మా కంటికి కనపడనిది కెమెరాకు కనపడింది. ఆ బొమ్మ ఒక్కటి మాత్రం చెరపలేదు.

తరువాత కెమెరా మాట మళ్లీ ఎత్తినప్పుడు మొదటి నుంచీ ఆలోచించాము. ఆ బొమ్మలు చెడింది యంత్రం వల్ల కాదు, నీటి స్వభావం వల్ల. నీరు వెలుగులోని ఎరుపును ముందు మింగుతుంది. 5 మీటర్లు దిగేసరికే ఎరుపు చాలా వరకు పోతుంది. మా అమ్మాయి ముఖపు అద్దానికున్న ఎర్ర పట్టీ ఆ లోతున బూడిదరంగుగా కనిపించింది. పైగా నీటిలో ప్రతి వస్తువూ అసలు దూరంలో ముప్పాతిక దూరానే ఉన్నట్లు, మూడోవంతు పెద్దదయినట్లు తోస్తుంది. దగ్గరికి వచ్చామనుకున్న మేము నిజానికి దూరాననే ఉన్నాము. కనుక మొదటి సూత్రం, మీటరు కంటె దగ్గరకు పోగలిగితేనే తీయాలి. రెండవది, వెలుగు మనం తీసుకుపోవాలి. కెమెరాకు అంటుకుని ఉన్న ఫ్లాషు వేస్తే, లెన్సు ముందున్న నలుసులన్నీ వెలిగి మంచు కురిసినట్లు పడుతుంది. చిన్న లైటును ఒక కర్రకు బిగించి పక్కగా పెడితే ఆ బాధ చాలా వరకు తగ్గుతుంది.

ఇక రకాలు. ఫ్రాన్సులో లూయీ బూతాఁ 1893లో నీటి అడుగున బొమ్మలు తీసిన నాడు అంతా మోయలేని సరంజామా. నీటి కోసమే పుట్టిన నికోనోస్ కెమెరా 1963లో వచ్చి, 2001 దాకా తయారయింది. ఈనాడు కొత్తవారి ముందు ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. గోప్రో వంటిది చిన్నది, విశాలంగా చూస్తుంది, కదిలే బొమ్మలకు మేలు. కాని గోరంత ప్రాణి కావాలంటే మామూలుగా దానికి అందదు. సీలైఫ్ మైక్రో వంటిది అసలు తెరవడానికే వీలు లేకుండా మూసినది, నీరు చొరబడుతుందన్న భయం తక్కువ. 2023లో వచ్చిన టీజీ-7 వంటి చిన్న కెమెరా లెన్సు నుంచి సెంటీమీటరు దూరాన ఉన్నదానిని కూడా పడుతుంది. నాలుగవది, లెన్సులు మార్చే పెద్ద కెమెరా. దానిని పెట్టే పెట్టె వెలే కెమెరా వెలను మించిపోవచ్చు. మొదటి మెట్టున అది మనకు వద్దు.

ఇక్కడ అంకెలలో ఒక మోసమున్నది. టీజీ-7 వట్టిగా 15 మీటర్ల దాకానే తట్టుకుంటుంది. మన పట్టా 18 మీటర్లకు. ఆ మూడు మీటర్లలోనే కెమెరా ముగుస్తుంది. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణపు ఒత్తిడి అదనంగా పడుతుంది మరి. దానికని తయారయిన పెట్టెలో పెడితే 45 మీటర్ల దాకా నిశ్చింత.

నిశ్చింత అన్నామే గాని, అంతా పెట్టె మూత చుట్టూ ఉండే రబ్బరు ఉంగరం మీద ఆధారపడి ఉంటుంది. దానిమీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉంటే చాలు, లోపలికి సముద్రమే వస్తుంది. అందుకని కొత్త పెట్టెను వట్టిదిగా, లోపల ఒక కాగితం ముక్క పెట్టి, నీళ్ల బకెట్టులో ముంచి చూడాలి. మేము ఆ పని చేస్తూంటే మా ఆవిడ వచ్చి, “డబ్బు పోసి కొన్నదాన్ని ఇంట్లోనే ముంచుతున్నారా?” అని అడిగింది. కాగితం పొడిగా వచ్చింది గనుక మాట దక్కింది. డైవింగు అయిన తరువాత మంచినీటిలో నానబెట్టి ఉప్పు వదిలించడం కూడా మరువరాదు.

చివరకు మేము చిన్న కెమెరా, దాని పెట్టె, ఒక లైటు కొన్నాము. అయితే గురువుగారి మాట ఈసారి విన్నాము. ముందు పదిసార్లు వట్టి చేతులతో దిగాము. చేతులు ఊపకుండా, పైకి తేలకుండా, కిందికి కుంగకుండా ఒక నిమిషం ఒకేచోట నిలవగలిగిన తరువాతనే కెమెరా పట్టుకున్నాము. నిలవలేనివాడి కాలితెడ్డు ఇసుకనే కాదు, పగడాలనూ కొడుతుంది. గుండుగా పెరిగే పగడం ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. మన ఒక్క తన్నుకు ఎన్ని సంవత్సరాలు పోతాయో లెక్క వేసుకోవచ్చు.

ఇంకో నియమం మేమే పెట్టుకున్నాము. మూడు బొమ్మలు తీస్తే ఒకసారి తల ఎత్తి జోడీని చూడాలి. ఆమె కనపడకపోతే నాలుగవ బొమ్మ లేదు, ఎంత అందమయిన చేప వచ్చినా సరే.

కొత్త కెమెరాతో మేము తీసిన మొదటి బొమ్మ చేపది కాదు. అమ్మాయి బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి, అంతా బాగుందని సైగ చేస్తున్న బొమ్మ. దానిని పటం కట్టించి హాలులో పెట్టాము. “ముఖమేదీ? అంతా అద్దమూ, గొట్టమూనే” అని మా ఆవిడ ఫిర్యాదు. నిజమే, ముఖం కనపడదు. కాని ఆ సైగ ఒక మీటరు దూరంలోనే ఉన్నది. మాకు అది చాలు.