కల్లాల మీద హెలికాప్టర్ ఎగిరితే...

ఫిబ్రవరి ఆఖర్లో చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్లి చూడండి. పత్తికట్టె పీకేసిన చేలు, వాటి పక్కనే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. ఘాటుకి బస్సు కిటికీ దగ్గరే తుమ్ములు మొదలు! గట్టు మీద నిలబడితే ఒక్క కల్లమే కనిపిస్తుంది. ఆ ఎరుపంతా ఒకేసారి చూడాలంటే ఆకాశంలోకి వెళ్లాల్సిందే.

ఫ్రాన్స్ పల్లెలకి ఆ భాగ్యం ఏటా జులైలో దక్కుతోంది. 'టూర్ డి ఫ్రాన్స్' సైకిల్ పందెం 21 అంచెల్లో, దాదాపు మూడున్నర వేల కిలోమీటర్లు సాగుతుంది. మోటార్‌సైకిళ్లూ హెలికాప్టర్ల మీంచి తీసే దృశ్యాలే చాలా దేశాలకి అందుతాయి. చూపించే తీరే వేరు. బ్రిటన్‌లో ఛానల్ 4 వారు 1986లో సాయంత్రంపూట ముఖ్యాంశాలతో సరిపెట్టారు. ఫ్రాన్స్ ప్రభుత్వ టీవీ మాత్రం గంటల తరబడి ప్రసారం చేస్తూ దారిలోని కోటలూ చర్చిల కథలూ చెబుతుంది. 2017లో తొలిసారి అన్ని అంచెలూ ఆసాంతం ప్రత్యక్షంగా వచ్చాయి. ఆ హెలికాప్టర్ కంట పడాలని అక్కడి రైతులు ట్రాక్టర్లతో, గడ్డికట్టలతో పొలాల్లో పెద్దపెద్ద బొమ్మలు పేరుస్తారు!

మన ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలూ యూట్యూబ్‌లో లైవ్ వస్తున్నాయి. ఎన్ని అడుగులు లాగాయో మైకులో హోరెత్తిపోతుంది. కెమెరా మాత్రం బండను వదలదు. ఆ ఊరి పొలం ఎలా ఉంటుందో చివరిదాకా తెలియదు.

ఒకవేళ ఆ సైకిళ్లే ఇటొచ్చినా జులైలో అయితే లాభం లేదు. అప్పటికి కల్లాలు ఖాళీ. శివరాత్రికి రమ్మనాలి, కోటప్పకొండకి ప్రభలు కదిలే వేళకి.