నాన్న సూట్‌కేసులు, ముగ్గురు అన్నదమ్ములు

వెస్ ఆండర్సన్ తీసిన ‘ది డార్జిలింగ్ లిమిటెడ్’ (2007) అనగానే అందరూ ముందు దాని రంగుల గురించే చెబుతారు. చెప్పాల్సిందే. స్టూడియోలో సెట్ వేయకుండా, మన రైల్వే బోగీలనే అలంకరించి, రాజస్థాన్ పట్టాల మీద నడిచే రైల్లో ఈ సినిమా తీశారు. నీలం రంగు పెట్టెలు, చేత్తో వేసిన ఏనుగు బొమ్మలు, సత్యజిత్ రాయ్ సినిమాల్లోంచి తీసుకున్న సంగీతం.

అన్నయ్య హైదరాబాద్‌లో, చెల్లి మెల్‌బోర్న్‌లో, నేను న్యూజెర్సీలో. అందుకేనేమో, నన్ను పట్టుకున్నది ఆ రంగులకన్నా ఆ కూపేలోని ఇరుకు. తండ్రి పోయాక ఏడాదిపాటు ముఖాలు చూసుకోని ఫ్రాన్సిస్, పీటర్, జాక్ అందులో సర్దుకుంటారు. తమ్ముళ్లు ఏం తినాలో కూడా పెద్దవాడే చెబుతాడు. నడిపివాడు తండ్రి కళ్లజోడు పెట్టుకుంటే అతనికి కోపం. ఒకరి సంగతి ఇంకొకరికి చాటుగా చేరవేస్తుంటారు. దినవారాలప్పుడు మన ఇళ్లలో నడిచేదీ ఇదే.

నాన్న అస్థికలతో మేం ముగ్గురం గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి వెళ్లాం. ఇంట్లో ఉన్నన్నాళ్లూ పురోహితుడు, భోజనాలు, బ్యాంకు కాగితాల మాటలే. రైల్లో లైట్లు ఆర్పాక అన్నయ్య నోరు విప్పాడు: “ఆయాసం వచ్చిన రాత్రి మీకు ఫోన్ చేయొద్దన్నార్రా. కంగారుపడతారని.” ఆ రాత్రి చెల్లి అడిగింది, నేను అడిగాను, అన్నయ్య అన్నీ చెప్పాడు.

భారతదేశాన్ని అందమైన తెరగా మాత్రమే వాడుకున్నారన్న విమర్శ ఈ సినిమా మీద ఉంది. మొదటి సగం విషయంలో అది నిజమే. కానీ ఏట్లో పడిన పల్లెటూరి పిల్లల్లో ఒకణ్ని పీటర్ కాపాడలేకపోయిన దగ్గర్నుంచి సినిమా మారిపోతుంది. బిడ్డను పోగొట్టుకున్న తండ్రిగా ఇర్ఫాన్ ఖాన్ కనిపించేది కాసేపే అయినా ఆ దుఃఖం నిజమైనది. ఊరివాళ్లు ఆ అన్నదమ్ములను అంత్యక్రియలకు పిలుస్తారు. కథ అక్కణ్నుంచే వాళ్ల తండ్రి అంత్యక్రియల రోజుకు వెళుతుంది. ఆరోజు తండ్రి కారు కోసం దారిలో గ్యారేజీ దగ్గర ఆగి రభస చేసినవాళ్లు, పరాయి బిడ్డ కోసం మాత్రం ఒక్కటిగా నిలబడతారు. చివర్లో కదిలే రైలు అందుకోవడానికి తండ్రి సూట్‌కేసులన్నీ వదిలేస్తారు.

సెలవులకు ఊరెళ్లే ప్రవాస మిత్రులకు నా మనవి. అమ్మానాన్నలు ఉండగానే తోబుట్టువులతో ఒక రాత్రి రైల్లో గడపండి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. బెర్తులు ఒకేచోట ఉండేలా చూసుకోండి.